అక్క మాత్రలు, బావ నడుము

మా బావకి లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది తన నడుము. రెడీమేడ్ బట్టల షాపులో ప్యాంట్లు అమ్ముతాడు. చుట్టూ నిలువుటద్దాలు. కస్టమర్ ట్రయల్ రూమ్‌లోకి వెళ్లాడో లేదో, పక్కకి తిరిగి పొట్ట లోపలికి పీల్చి చూసుకుంటాడు. షాపులో అందరూ ‘హీరో’ అంటారు. అది వెక్కిరింపని ఆయనకి ఇప్పటికీ తట్టలేదు.

మా అక్క బస్ స్టేషన్‌లో పనిచేస్తుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ ఆమెకి థైరాయిడ్. గుండె ఎంత జోరుగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చు కావాలి, ఒళ్లు ఎంత వెచ్చగా ఉండాలి, ఇవన్నీ మెడలోని ఆ చిన్న గ్రంథి చేతిలో ఉంటాయి. అక్కకి అది పని మానేసింది. అది తయారు చేయాల్సిన హార్మోన్‌ని రోజూ పరగడుపున ఒక చిన్న మాత్రగా వేసుకుంటే చాలు, ఆమె అందరిలాంటి మనిషే.

ఆ సీసా మీద బావ కన్ను పడింది. థైరాయిడ్ మాత్రలు మింగితే సన్నబడతారని షాపులో ఎవడో కూశాడు. మనవాడికి ఆపాటి శాస్త్రం చాలు. మందుల షాపువాడు చీటీలో ఉన్నన్ని తప్ప ఒక్కటి ఎక్కువివ్వడు. అందుకని అక్క వాటాకే కోత పెట్టాడు. ఆమె రక్తపరీక్ష రిపోర్టు తనే డాక్టర్‌కి చూపిస్తానని బయల్దేరి, అబద్ధంతో తిరిగొచ్చాడు.

“నీకు నయమవుతోందట. ఇకమీద వారానికి రెండు చాలన్నారు డాక్టర్.”

అక్క నమ్మింది. మొగుడు తన మందుల సంగతి అంతగా పట్టించుకున్నాడని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వారానికి రెండు తనే ఆమె చేతిలో పెట్టి, మిగతావి ఆయన మింగాడు, ఒక్కోసారి రెండేసి. నెలలు గడిచేకొద్దీ ఆ ఇంట్లో ఫ్యాన్ దగ్గర యుద్ధం మొదలైంది. ఆయన చెమటలు కక్కుతూ ఫుల్లుగా పెడితే, అక్క స్వెట్టర్‌తో వచ్చి ఆపేది. ఆయన బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. అక్కకి ముఖం ఉబ్బింది, జుట్టు దువ్వెన నిండా ఊడింది, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడేవి. ఆమె చురుకుని దొంగిలించి, తిరిగి ఆమెకే నీతులు చెప్పాడు పెద్దమనిషి.

“నన్ను చూసి నేర్చుకోవే. మనిషన్నాక చురుకుండాలి.”

ఏ ఎండకా గొడుగు పట్టే మా పిన్ని, “పాపం, అల్లుడు చిక్కిపోయాడు. ఇది వేళకి ఏమన్నా పెడుతోందో లేదో” అని బుగ్గలు నొక్కుకుంది.

అసలు దెబ్బ అక్క గొంతు మీద పడింది. గొంతు బొంగురుపోయి, మాట సాగింది. ఆమె ప్లాట్‌ఫాం నంబరు చెప్పేసరికి బస్సు గేటు దాటేది. స్టేషన్ మేనేజర్ ఆమెని మైకు ముందు నుంచి లేపి సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. గొంతు బాగుపడకపోతే ఉద్యోగం మర్చిపొమ్మన్నాడు. అక్కకి ఏడ్చే ఓపిక కూడా లేదు. “నేను నిజంగానే బద్ధకస్తురాలినయ్యానేమో రా” అంది నాతో.

ఒకరోజు షాపులో కస్టమర్ నడుము కొలుస్తుండగా బావ చేతిలో టేపు వణికింది. గుండె దడదడలాడి, ప్యాంట్ల గుట్ట మీద కూలబడి, పోతున్నానని గోల పెట్టాడు. అక్కా నేనూ ఆయన్ని అక్క డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాం.

డాక్టర్ రిపోర్టులు చూసి, ఆయన మెడ తడిమింది. “గ్రంథి మామూలుగానే ఉంది. హార్మోనేమో పొంగిపొర్లుతోంది. ఇంట్లో ఎవరైనా ఆ మాత్రలు వాడతారా?”

“నేనేనండీ, వారానికి రెండు” అంది అక్క. “మీరే తగ్గించమన్నారుగా.”

“నేనా? రోజూ వేసుకోవాలని మొదటిరోజే చెప్పానే. మిమ్మల్ని చూసి ఏడాదైంది.”

బావ తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. “కాస్త నడుము తగ్గుతుందని...”

“తగ్గింది కండ కూడా. ఇంకొన్నాళ్లు మింగుంటే గుండె లయ తప్పేది” అంది డాక్టర్.

అక్క చెయ్యి చాపింది. బావ జేబులోంచి సీసా తీసిచ్చాడు. రోగి కన్నా బుద్ధిగా వెంట పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట.

కొన్ని నెలలకి అక్క గొంతు తిరిగొచ్చింది, మైకూ తిరిగొచ్చింది. బావ పొట్ట కూడా తన చోటికి తాను వచ్చేసింది. అక్క మళ్లీ మైకు ముందు కూర్చున్న మొదటిరోజు, ఆమెని ఇంటికి తీసుకెళ్లడానికి బావ వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. అక్క గాజు కిటికీలోంచి ఆయన్ని చూసింది.

“ప్రయాణికులకు విజ్ఞప్తి. ఇతరుల వస్తువులు ముట్టుకోకండి.”

రోజూ ఒక్కసారి చెప్పే ఆ మాటని, ఆ రోజు ఒక్కో అక్షరం గణగణలాడేలా మళ్లీ మళ్లీ చెప్పింది. జనం తమ సంచులు దగ్గరికి లాక్కున్నారు. బావ పొట్ట లోపలికి లాక్కున్నాడు.