బంతిపూల దండా, నా ఆయిల్ కూలరూ

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా ఒక ముల్లు మీద ఎక్కువ భక్తి ఉండేది. నా ఎర్ర కారులో ఇంజన్ ఆయిల్ వేడిని చూపించే ముల్లు అది. పోర్టులో కొత్తగా ఉద్యోగం, చేతిలో కొత్తగా జీతం, నెత్తి మీద కొత్తగా పొగరు. లోకమంతా మైలేజీ చూసి కారు కొనుక్కుంటుంటే నేను చప్పుడు విని కొన్నాను. అంతకు ముందు దాన్ని వాడిన మహానుభావుడెవరో వేగం పిచ్చితో ఆ ఇంజన్‌కి లేనిపోని బలాలన్నీ నూరిపోశాడు. చదును రోడ్డు మీద రెక్కలు కట్టుకుని పోయేది. కొండ కనపడితే మాత్రం ఆయిల్ సలసలా కాగి, ముల్లు ఎర్రగీత దాటి, ఇంజన్ నీరుగారిపోయేది.

ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ యారాడ బీచికి తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు సగంలో సరిగ్గా అదే జరిగింది. పట్టుచీరతో మా అమ్మ కారు తోసింది (ఆ ముచ్చట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్తుంది). నాన్న తొయ్యలేదు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో పెద్ద కొలిమిని చల్లబరిచే నీళ్ళ విభాగంలో జుట్టు నెరిపించుకున్న మనిషి. వేడి విషయంలో మా ఇంట్లో ఆఖరి మాట ఆయనదే. రోడ్డు పక్కన చేతులు కట్టుకుని తీర్పు చెప్పారు. "ఒరేయ్, వచ్చే ఆదివారం ఇదే కొండ, ఇదే మంది. ఎక్కడా ఆగకుండా పైదాకా ఎక్కిందా, నీ కారు నీది. ఆగిందా, తాళాలు తీసుకెళ్ళి సబ్బవరం ఆయన చేతిలో పెట్టేస్తాను." సబ్బవరం ఆయన నాన్న స్నేహితుడు. కారు నచ్చి కాదు, దాని సీట్లు మెత్తగా ఉన్నాయని అడుగుతున్నాడు. నా ప్రాణంలాంటి బండి సోఫా సెట్టు కింద లెక్కయిపోతోందంటే నాకు అన్నం సయించలేదు.

దానికి మందు ఒక్కటే, ఆయిల్ కూలర్. చూడ్డానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. ఇంజన్‌లో కాగిన ఆయిల్ గొట్టం గుండా దాంట్లోకి వచ్చి, బంపర్ సందులోంచి తగిలే గాలికి చల్లబడి, మళ్ళీ లోపలికి పోతుంది. ఆర్డరు పెట్టి తెప్పించాను. బిగించడానికి అక్కనీ మేనకోడల్నీ వెంటబెట్టుకుని బావ వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. ఆనందపురంలో సొంత లారీ ఉంది, వద్దన్న పని కూడా చేసిపెట్టే మంచి మనసుంది. పెట్టె విప్పి కూలర్‌ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బావా, ఇంత సిన్నదా? మా లారీకైతే దీన్ని తాళంసెవికి ఏలాడేసుకోవచ్చు" అన్నాడు.

శనివారం పొద్దున్నే, స్టీల్ ప్లాంటు వాళ్ళు నాన్నకిచ్చిన క్వార్టర్ ముందు బంపర్ ఊడదీశాం. ఇంతలో అమ్మ ఇడ్లీలు తెచ్చింది. బావ ప్లేటందుకుని, వెనక్కి చూడకుండా హాయిగా చతికిలబడ్డాడు. ఎక్కడ? కూలర్ మీద. గాలి ఆడాల్సిన సన్నటి రేకులన్నీ గాలివానకి పడుకున్న వరిచేనులా వాలిపోయాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. "ఏటవనేదు బావా, నాను సరిసేత్తన్నాను కదా" అంటూ బావ లోపలికెళ్ళి మా మేనకోడలి పేలదువ్వెన పట్టుకొచ్చాడు. ఓపిగ్గా దువ్వడం మొదలెట్టాడు. అక్క గుమ్మంలోంచి చూసి, "మీ ఇద్దరి తలలూ వదిలేసి దానికెందుకు దువ్వడం?" అంది. కానీ రేకులు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. సాయంత్రానికి కూలర్ బంపర్ వెనక కూర్చుంది. గొట్టాలు బిగించి, తక్కువైన ఆయిల్ పోసి, టౌన్‌షిప్ చుట్టూ తిప్పాం. ఒక్క చుక్క కారలేదు, ముల్లు పైకి లేవలేదు. బావా నేనూ రోడ్డు మీదే కౌగిలించుకున్నాం.

ఆదివారం నేను స్నానం చేసొచ్చేలోపు అమ్మ కారుకి పూజ కానిచ్చేసింది. పోయినసారి బండి ఆగడానికి కారణం ఆయిలూ గీయిలూ కాదు, పూజ లేకుండా కొండెక్కడమేనని ఆవిడ నమ్మకం. బంపర్ ఈ చివర నుంచి ఆ చివరకి చెయ్యి మందాన బంతిపూల దండ, మధ్యమధ్య మామిడాకులు, పురికొసతో గట్టి ముళ్ళు. "ఇంటికి తిరిగొచ్చేదాకా తియ్యకూడదు, నేల మీద పడకూడదు" అంది. నేను చదువుకున్నవాణ్ణి, పైగా ఇంజనీరుని. భలే ఉందని ఫోటో తీసుకున్నాను.

గాజువాక దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాం. నా పక్కన నాన్న, వెనక అమ్మ, అక్క, మేనకోడలు, మా వెనక బైకు మీద బావ. రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు కదిలింది. ఇంకో మలుపుకి ఎర్రగీత వైపు నడిచింది. నాన్న ముల్లు వంక చూశారు, బయటికి వంగి బానెట్ ముందుకు చూశారు. ఉన్నట్టుండి, "కూలర్ నోటికి అడ్డంగా ఆ పూలు కట్టిందెవరు?" అని గట్టిగా అరిచారు.

"దేవుడి దండండీ అది!" అంది అమ్మ.

నా కాలు బ్రేకు మీదకి పోయింది. "ఆపకు! ఆపితే ఓడిపోతావురా! మెల్లిగా పోనీ!" అంటూ నాన్న తలుపు తీసుకుని దిగిపోయారు. తీర్పు చెప్పాల్సిన మనిషి! కారు నడక వేగంతో ఎక్కుతుంటే, ఆయన పక్కన అడ్డంగా నడుస్తూ ఒక ముడి లాగారు, అటు వెళ్ళి రెండోది లాగారు. దండ చేతికొచ్చింది. "నేల మీద పడెయ్యకండి!" అని కిటికీలోంచి అమ్మ కేక. ఆయన ఒక్క క్షణం దిక్కులు చూసి, దండ తన మెడలోనే వేసుకున్నారు. "నువ్వు పోరా!" అని చెయ్యి ఊపారు.

ముల్లు నిలబడింది. ఆలోచించింది. దిగింది. నేను గేరు మార్చాను. ఇంజన్ ఆ కొండంతా మార్మోగేలా పాడింది. అద్దంలో చూస్తే, బావ బైకు వెనక నాన్న బంతిపూల దండతో నిటారుగా కూర్చుని వస్తున్నారు. కొండ పైన చేపల గంపలు దించుకుని సేదతీరుతున్న యారాడ ఆడవాళ్ళు గబగబా లేచి నిలబడ్డారు. "ఎలచ్చన్లొచ్చినాయేటి బాబూ? మాకు తెలీనేదు" అంది ఒకావిడ. "ఎలచ్చన్లు కాదమ్మా, మా మావయ్య గెలిసినాడు" అన్నాడు బావ.

గెలిచింది నేను కదా! నాన్న దండ తియ్యకుండానే సబ్బవరం ఫోన్ చేశారు. "కారు అమ్మట్లేదండీ. లేదండీ, సీట్లు కూడా అమ్మం." తర్వాత నా వైపు చెయ్యి చాపారు. "తాళాలియ్యి. ఇక్కణ్ణుంచి నేను నడుపుతా." ముందు సీటు మేనకోడలు ఎక్కేసింది. పందెం నెగ్గిన వీరుణ్ణి, బీచి దాకా వెనక సీట్లో, దండ ఒళ్ళో పెట్టుకుని, అమ్మకీ అక్కకీ మధ్య ఇరుక్కుని వెళ్ళాను. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

ఇప్పుడు నాది ఒద్దికైన కారు. ఏ కొండైనా కిమ్మనకుండా ఎక్కేస్తుంది. అయినా యారాడ ఘాట్‌లో ఆ మలుపు దగ్గర నా కాలు దానంతటదే తేలికవుతుంది. "ఎందుకు నాన్నా స్లో చేశావ్?" అంటారు పిల్లలు. ముందు ఎవరో పెద్దాయన ముడులు విప్పుకుంటూ అడ్డంగా నడుస్తున్నట్టుంటుందని చెప్తే నవ్వుతారని, రోడ్డు బాగాలేదంటాను.