దీపంలా మోసుకెళ్ళిన హార్డ్ డిస్కు

1988వ సంవత్సరం, మాఘమాసం. గుంటూరులో ఒక కంప్యూటర్ల కంపెనీలో నేను సర్వీస్ ఇంజనీరుని. అప్పట్లో పల్నాడు మొత్తంలో కంప్యూటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. ఎక్కడ ఏది మొరాయించినా నేనే వెళ్ళాలి. భుజానికి సంచీ, అందులో స్క్రూడ్రైవర్లు, హార్డ్ డిస్కుని నడిపే స్పేర్ కంట్రోలర్ కార్డు, కేబుళ్ళు, ఫ్లాపీల డబ్బా. బస్సులో ఆ డబ్బా మీద ఎవరైనా చెయ్యి వేస్తే నేను అరిచే అరుపులకు నరసరావుపేట రూటు కండక్టర్లందరూ నన్ను గుర్తుపట్టేవాళ్ళు. నా నోరు అంత మంచిది కాదు. మిషన్ల దగ్గర ఓపిక, మనుషుల దగ్గర విసుగు. ఈ ఉద్యోగంలో చాలామందికి ఇదే జబ్బు.

నరసరావుపేటలో డాక్టర్ సుభద్రమ్మ గారి నర్సింగ్ హోములో పీసీ ఎక్స్‌టీ అనే రకం కంప్యూటరు ఒకటి ఉండేది. ఆవిడ దాన్ని గొప్పకోసం కొనలేదు. ఊళ్ళో బ్లడ్ బ్యాంకు లేదు. కాన్పులో రక్తం ఎక్కువపోతే గుంటూరు పరుగెత్తాలి, ఆ దారిలోనే కొందరు పోయేవాళ్ళు. అందుకని ఆవిడ కాలేజీలోనూ మిల్లుల్లోనూ క్యాంపులు పెట్టి, మనుషుల బ్లడ్ గ్రూపులు పరీక్ష చేయించి, పేరు, ఊరు, వీధి, గ్రూపు అన్నీ కంప్యూటర్లో ఎక్కించారు. ఎక్కించింది విజయ అనే అమ్మాయి. ఫలానా గ్రూపు కావాలంటే చిటికెలో పేర్లు వచ్చేవి, జీపు వెళ్ళి మనిషిని తెచ్చేది. నేను తిరిగిన ఊళ్ళలో కంప్యూటరుని ఇంత మంచి పనికి వాడినవాళ్ళని ఇంకొకరిని చూడలేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా వాళ్ళ మీద కోపంలాగే వినిపిస్తుంది.

హార్డ్ డిస్కు సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. మూత బిగించిన లోహపు డబ్బాలో గుండ్రటి పళ్ళాలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి పైన ‘హెడ్’ అనే చిన్న ముక్క, పళ్ళాన్ని తాకకుండా, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో తేలుతుంటుంది. రాసేది, చదివేది అదే. తిరుగుతున్నప్పుడు డబ్బా కుదిపితే హెడ్ వెళ్ళి పళ్ళాన్ని గీరేస్తుంది. దాన్ని హెడ్ క్రాష్ అంటాం. అందుకే ఆ రోజుల్లో కంప్యూటరుని జరపాలంటే ముందు ‘పార్క్’ అని కమాండు ఇచ్చి హెడ్‌ని ఖాళీ జాగాలోకి పంపి, స్విచ్ ఆపి, అప్పుడు ఎత్తాలి. ఇది నేను విజయకి నేర్పాను. ఆ అమ్మాయి బాగానే నేర్చుకుంది కూడా.

ఆ రోజు పొద్దున మిషన్ లేవడం లేదని కబురొస్తే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి కంప్యూటరు కొత్తగా కట్టిన గదిలోకి మారి ఉంది. పసుపు కుంకుమలు, బంతిపూల దండ. స్విచ్ వేస్తే తెర మీద 1701 అనే అంకె వచ్చి ఆగిపోయింది. హార్డ్ డిస్కు పలకడం లేదని దాని అర్థం. చెవి దగ్గర పెడితే లోపల కిర్రు కిర్రుమని ఏదో గోకుతున్నట్టు శబ్దం.

“పార్క్ చేసే జరిపావా?” అన్నాను.

విజయ తల వంచుకుంది. “స్విచ్ ఆపలేదండీ.”

“ఆపకుండా ఎట్లా జరిపారే తల్లీ?”

“పెద్దమ్మగారు వద్దన్నారండీ. కొత్తింట్లోకి దీపం ఎలిగించుకుని పోతాంగానీ ఆర్పి తీసకపోతామా, ఇదీ అంతే, ఆడతా ఉండగానే గడప దాటాలన్నారు. పొడుగు వైరు వేసి, నలుగురు పట్టుకుని తెచ్చారు. గడప ఒకాయన కాలికి తగిలి మిషను కొంచెం ఒరిగింది. కొంచెమేనండీ.”

పెద్దమ్మగారంటే డాక్టరు గారి అత్తగారు. కొత్త గదికి ముహూర్తం పెట్టించిందీ ఆవిడే. నాకు ఒళ్ళు మండిపోయింది. “నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ కూడా తిప్పాల్సింది!” అని అరిచాను. అరిచి లాభమేముంది? ఆ ముసలావిడ కోడలి మిషన్ చల్లగా ఉండాలనే చేసింది.

“పాత కార్డులున్నాయి కదా, క్యాంపుల్లో రాసినవి?” అని అడిగాను.

“భోగి మంటలో వేసేశారండీ. కంప్యూటరు వచ్చింది కదా, పాత చెత్త ఎందుకని.”

ఫ్లాపీల్లోకి కాపీ తీయడం ఎప్పుడో మానేశారు. కేబుళ్ళు మార్చి చూశాను, కంట్రోలర్ కార్డు మార్చి చూశాను. అదే 1701. డిస్కుని విప్పి మద్రాసు పంపిద్దాం, అదృష్టం బాగుంటే కొంత వస్తుంది అని చెప్పడానికి నేను లేస్తుండగా బయట ఆటో ఆగింది.

నూర్జహాన్ అనే ఆవిడని దించారు. రెండో కాన్పు. ఇంట్లో మంత్రసాని చేతిమీద బిడ్డ పుట్టింది గాని రక్తం ఆగడం లేదు. భర్త మస్తాన్, సత్తెనపల్లి రోడ్డులో వెల్డింగ్ షాపు. ఆటో సీటు తడిసి, మెట్ల మీద కూడా చుక్కలు పడ్డాయి. కాసేపటికి డాక్టరు గారు చేతి తొడుగులతోనే మా గదిలోకి వచ్చారు.

“ఓ నెగటివ్. మస్తాన్‌దీ, ఆమె తమ్ముడిదీ కలవలేదు. స్టాఫులో ఎవరికీ లేదు. గుంటూరుకి కారు పంపాను, అది వెళ్ళి రావాలి కదా. లిస్టు తియ్యగలవా?”

ఆవిడ నన్ను ఎప్పుడూ ‘మీరు’ అనేవారు. ఆ రోజు ‘నువ్వు’ అన్నారు.

“డిస్కు చచ్చిపోతోందమ్మా. తిప్పినకొద్దీ గీరుకుపోతుంది. ఇప్పుడు తిప్పితే తర్వాత మద్రాసులో కూడా ఏమీ రాదు.”

“తర్వాత సంగతి నాకెందుకు?” అని ఆవిడ వెళ్ళిపోయారు.

నా దగ్గర ఒక ఫ్లాపీ ఉండేది. దానితో మిషన్ని లేపి, ఫైళ్ళ పేర్లతో పని లేకుండా డిస్కుని ముక్క ముక్కగా చదవవచ్చు. ఆ ముక్కల్ని సెక్టార్లు అంటారు. లిస్టు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి సెక్టారు తెర మీదికొస్తే పేర్లు కనపడతాయి. కానీ హెడ్ నిలవాలి కదా. దానికి మాకొక నాటువైద్యం ఉంది. డిస్కుని వైర్లతో సహా మిషన్లోంచి విప్పి చేతిలో పట్టుకుని పక్కకు వంచితే, బరువు మారి హెడ్ ఒక్కోసారి చదవగలిగిన చోటికి ఒదుగుతుంది. ఏ పుస్తకంలోనూ ఉండదిది. నాకు రెండు చేతులూ కీబోర్డు మీద కావాలి. విజయ పేర్లు రాసుకోవాలి. గుమ్మంలో మస్తాన్ నిలబడి ఉన్నాడు. లోపలికి రానివ్వలేదని ఇటు వచ్చాడు.

“నువ్వు పట్టుకుంటావా? కదలకూడదు.”

“ఇదేందో నాకు తెలవదు సార్. ఎట్టా పట్టుకోవాలో చెప్పండి, పట్టుకుంటా.”

కింద కూర్చోబెట్టి డిస్కుని అరచేతుల్లో పెట్టాను. కొద్దికొద్దిగా వంచమన్నాను. ఒకచోట గోకుడు తగ్గింది. “అక్కడే! ఊపిరి కూడా మెల్లగా పీల్చు” అన్నాను. అతను నిజంగానే ఊపిరి బిగబట్టాడు. చొక్కా మీద ఆమె రక్తం ఇంకా ఆరలేదు. గోడ అవతల ఎవరో పరుగెడుతున్న చప్పుడు, స్టీలు గిన్నె కింద పడ్డ చప్పుడు. అతని మెడ నరం అదిరింది గాని చేతులు అదరలేదు.

తెర మీద పిచ్చి అక్షరాలు, తర్వాత ఖాళీలు, తర్వాత పేర్లు. నేను చదువుతున్నాను, విజయ రాస్తోంది. బీ పాజిటివ్. ఓ పాజిటివ్. ఏ పాజిటివ్. మధ్యలో మళ్ళీ ఖాళీ తెరలు వస్తుండగా ఎదురు టీకొట్టు సాంబయ్య కేటిల్, గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ఎవరికి ఏ కష్టమొచ్చినా టీ తేవడం అతని అలవాటు. కాసేపు మా వంకే చూస్తూ నిలబడి, “బాగవుద్దా సార్?” అన్నాడు. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి పోయాడు.

“పూర్ణయ్య, నకరికల్లు, ఓ నెగటివ్!”

విజయ కాగితం పట్టుకుని పరుగెత్తింది. జీపు కదిలిన శబ్దం వినపడింది. మస్తాన్ నా మొహంలోకి చూశాడు. “దొరికిందా సార్?” అంటే దొరికిందన్నాను. “ఇంకోటి కూడా చూడండి సార్. మీకు పుణ్యముంటది” అన్నాడు. చూస్తున్నాను. ఇంకో రెండు తెరలు నడిచాయో లేదో, డిస్కులోంచి సన్నగా కీచుమని ఒక కేక వచ్చింది. ఆ పైన తెర మీదికి ఏమీ రాలేదు. పళ్ళాలు తిరుగుతున్నాయి, అంతే. మస్తాన్‌కి అర్థం కాలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

పూర్ణయ్య పొలంలో ఉంటే వెతికి తెచ్చారు. మంచివాడు, మట్టి కాళ్ళతోనే వచ్చి పడుకున్నాడు. ఒక బాటిల్ రక్తం ఎక్కించారు. ఆమెకు అది చాలలేదు. గుంటూరు వెళ్ళిన కారు తిరిగి వచ్చేలోపే, పొద్దు వాలుతుండగా నూర్జహాన్ పోయింది. ఆడపిల్ల మాత్రం బతికింది. నా సర్వీసులో ఎన్నో డిస్కులు పోవడం చూశాను. ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు బస్టాండులో కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

కొత్త డిస్కు బిగించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు గారు ఈసారి ముందుగా కాగితాల మీదే రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు రాయిస్తున్నారు. పెద్దమ్మగారే వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తోంది. నాకూ ఒక గ్లాసు అందించింది. వరసలో సాంబయ్య ఉన్నాడు. జేబులోంచి మాసిపోయిన కార్డు తీసి విజయకి ఇచ్చాడు. విజయ దాన్ని చూసి, ఏమీ రాయకుండా, నా చేతికిచ్చింది.

ఓ నెగటివ్.

“ఏంది సాంబయ్యా ఇది?” అన్నాను.

“మిల్లు దగ్గర క్యాంపులో ఇచ్చారు సార్. మీ మిషన్లో కూడా ఎక్కించారంట.”

“మరి ఆ రోజు చెప్పలేదేం?”

“ఏ గ్రూపు కావాలో నాకెవరు చెప్పారు సార్? మిషన్ చెడిపోయింది, చానా అర్జెంటంట అన్నారు. బాగు చేస్తన్నారనుకున్నా. టీలు ఇచ్చి పోయా.” కార్డు నా చేతిలోంచి తీసుకుని అన్నాడు. “మస్తాన్‌కి చెప్పబాకండి సార్. రోజూ నా కాడే టీ తాగుతాడు.”

చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో రకాల డిస్కులు చూశాను. హెడ్లు వాటంతటవే పార్క్ అయ్యే రోజులు కూడా వచ్చాయి. కాపీలు తీసుకోండి, కాగితాలు తగలబెట్టకండి అని అందరికీ చెబుతూనే ఉన్నాను. అది ఏ ఇంజనీరైనా చెబుతాడు. నేను నేర్చుకున్నది వేరు. ఎక్కడ డిస్కు పోయిందని పిలిచినా, స్క్రూడ్రైవరు తీయకముందే, “ఇందులోంచి మీకు ఇప్పుడు కావాల్సిందేమిటి?” అని అడుగుతాను. గదిలో ఉన్నవాళ్ళందరికీ, టీ తెచ్చినవాడికి కూడా వినపడేటంత గట్టిగా అడుగుతాను.