కామేశం మాస్టారు రాయని క్షమాపణ

దిగపహండి నుంచి వచ్చిన మోటారు బస్సు దిగి బరంపురం వీధిలో నాలుగడుగులు వేశానో లేదో, పాత సహాధ్యాయి ఒకడు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మన కామేశం మాస్టారు మొన్న పోయారు. నీకు కబురందలేదా?" అన్నాడు. పదిహేను రోజుల క్రితమే హల్దియాపదర్‌లో ఆయన అరుగు మీద కూర్చుని, ఆయనతో వాదించి, ఓడిపోయి వచ్చాను.

ఆ దుఃఖం సాయంత్రానికి ఆగ్రహంగా మారింది. మాస్టారిని బడి నుంచి వెళ్ళగొట్టిన కమిటీయే ఆ సాయంత్రం సంతాపసభ జరిపింది. పూలమాల తెచ్చారు, పటం పెట్టారు, కార్యదర్శి గారు ఇంగ్లీషులో ఒక తీర్మానం చదివారు. అందులో మాస్టారు పెద్దల యెడల "హంబుల్ అండ్ ఒబీడియెంట్"గా, అంటే వినయ విధేయతలతో, మెలిగారట. చివరి సంవత్సరాలలో ఆయన "వియరీ అండ్ ట్రబుల్డ్"గా, అలసి నలిగి, ఉన్నారట. బతికుండగా ఆయన చేత రాయించలేకపోయిన మాటలను ఆయన చనిపోయాక తామే రాసి, చప్పట్లతో ఆమోదించారు! ఎందుకు రాయించలేకపోయారో చెప్పడానికే ఈ వ్యాసం.

మాస్టారు ఇంగ్లీషు చెప్పే పద్ధతి ఆయనకే చెల్లింది. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించేవారు కాదు. "దొరలు ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషు వేరు, మీరు పరీక్షకు బట్టీ పట్టే ఇంగ్లీషు వేరు. మనం అలిసి సొలిసి అన్నట్టే వాళ్ళూ విశేషణాలను జంట కట్టి వాడతారు. సేఫ్ అండ్ సౌండ్ అంటారు, సిక్ అండ్ టైర్డ్ అంటారు, రెడీ అండ్ విల్లింగ్ అంటారు. అయితే జంట దగ్గర ఆగిపోకండి. దాని వెనక దేనితో, దేనివల్ల, ఎవరికి అన్న తోక ఒకటి ఉంటుంది. నిజమంతా ఆ తోకలోనే ఉంటుంది" అనేవారు.

ఒక మధ్యాహ్నం మాలో ఒకడు లేచి, "ఐ యామ్ సిక్ అండ్ టైర్డ్" అని గొప్పగా చెప్పి కూర్చోబోయాడు.

"ఆగరా! విసిగి వేసారిపోయావు, సరే. దేనితో?"

వాడు తల గోక్కున్నాడు.

"నా పాఠంతోనేనా? మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అనెయ్యి, కొట్టను."

వాడు చేతులు కట్టుకుని, "ఆఫ్ యువర్ లెసన్, సార్" అన్నాడు. మాస్టారు పుస్తకం మూసి, "ఇన్నాళ్ళకు ఒకడు నిజం చెప్పాడు. ఇంక ఇళ్ళకు పొండి" అన్నారు.

సెలవు దొరికితే ఆయన రైలెక్కి గంజాం వెళ్ళేవారు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట మన తెలుగు బెస్తల పేట ఉంది. అక్కడ నూకాలు అనే ఆమె ఇంటి అరుగే ఆయన బడి. ఆమె చేపల గంపతో బజారుకు వెళ్ళే మనిషి. ఎవరితోనైనా దెబ్బలాటకు దిగితే గెలిచే మనిషి. అయినా అర్జీ ముందు ఆమె కూడా ఓడిపోయింది.

పడవలు ఆగే రేవు నుంచి బజారుకు పోయే దారికి అడ్డంగా ఒక బంగళా ఆసామి కంచె వేయించాడు. ఆడవాళ్ళు తడి గంపలు నెత్తిన పెట్టుకుని ఊరంతా చుట్టి రావలసి వచ్చేది. బజారు చేరేసరికి చేప మెత్తబడిపోయేది. ఏడాదికొక అర్జీ పెట్టుకున్నారు. ప్రతిదానినీ కచేరీ అరుగు మీద అర్జీలు రాసే ఆయనే రాశాడు. ప్రతిదానిలోనూ వీళ్ళు దొరగారి పాదాల చెంత పడి ఉన్న "పూర్ అండ్ హెల్ప్‌లెస్", దీనులూ నిస్సహాయులూ. కంచె మాట మాత్రం ఎక్కడో నాలుగో పేజీలో. వీళ్ళు మంత్రం విన్నట్టు చేతులు జోడించి విని, అడుగున వేలిముద్రలు వేసి వచ్చేవారు.

ఆ కాగితాల నకళ్ళలో చివరి వరుస చూపించి మాస్టారు, "ఈ హంబుల్ అండ్ ఒబీడియెంట్ అంటే ఏమిటో తెలుసా, నూకాలమ్మా?" అని అడిగారు.

"తెల్దేటి బాబూ? దొరగారి పేరు గదా! పెతీ కాయితం సివర్నా సదివీవోరు."

మాస్టారు నవ్వలేదు. ఎవరి పేరు మీద రాశారో వాళ్ళకే అర్థం తెలియని కాగితం మోసమన్నారు. మన పురోహితులు పెళ్ళిలో చదివేదానికీ దీనికీ తేడా లేదన్నారు. తరవాత, "అది సరే, నీకేమనిపిస్తోందో నువ్వు చెప్పు" అన్నారు.

"ఏటి సెప్పమంటారు? ఇసిగిపోనాం, సచ్చిపోనాం ఆ కంచెతోటి!"

"ఇదే అర్జీ" అన్నారు మాస్టారు. ఆమె అన్న మాటనే ఇంగ్లీషులో రాసి, అర్థం చెప్పి, ఆమెకు నోటికి వచ్చేదాకా చెప్పించారు. వేలిముద్ర వేయబోతే వేయనివ్వలేదు. నెల రోజులు ఇసుకలో దిద్దించి, పేరు రాయడం వచ్చాకనే ఆ కాగితాన్ని ఛత్రపురం, కలెక్టరు కచేరీకి పంపనిచ్చారు.

కొన్నాళ్ళకు కలెక్టరు దొర ఆ పేట దగ్గర మకాముకు వచ్చాడు. పక్కనున్న గుమాస్తా, "వీరు తమ పాదాల చెంత..." అన్న పాత పాట ఎత్తుకున్నాడు. నూకాలు గంప దించి, "నో సార్! వుయ్ ఆర్ సిక్ అండ్ టైర్డ్ ఆఫ్ దిస్ ఫెన్స్" అని వేలెత్తి చూపించింది. దొర తల తిప్పి కంచెను చూశాడు. అది ఎవరిదని అడిగాడు. అన్ని అర్జీలలోనూ ఎవరూ అడగని ప్రశ్న అది. నెల తిరగకుండా దారి తెరిచారు. దొర దయాళువని పొగడడానికి నేనిది చెప్పడం లేదు. అన్నేళ్ళూ ఆ అర్జీలను తొక్కిపెట్టింది అతని కచేరీయే.

ఆ బంగళా ఆసామి మా బడి కమిటీలో సభ్యుడు. కమిటీ మాస్టారిని పిలిపించింది. బెస్తవాళ్ళకు పొగరు నేర్పారు, వాళ్ళ అరుగు మీద మంచినీళ్ళు తాగారు అని రెండు నేరాలు మోపింది. ప్రాయశ్చిత్తానికి పురోహితుడు పంచగవ్యంతో సిద్ధంగా ఉన్నాడు. "పేడ నీళ్ళు తాగితే ఆ కంచె మళ్ళీ మొలుస్తుందా, శాస్త్రి గారూ?" అని మాస్టారు అడిగారు. క్షమాపణ పత్రం కూడా ముందే రాసి ఉంచారు. కమిటీకి వినయ విధేయుడనై, నా ప్రవర్తనకు సిగ్గుపడుతున్నాను అని. మాస్టారు కలం అడిగి తీసుకున్నారు. సంతకం పెడతారని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన "నా ప్రవర్తనకు" అన్నది కొట్టేసి, "ఈ కమిటీని చూసి" అని రాసి, పత్రం బల్ల మీద పెట్టి బయటికి నడిచారు.

అప్పటికి నేనూ అదే బడిలో కింది తరగతుల మాస్టరును. ఆ గదిలోనే గోడవారగా నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు. నేనే కాదు, ఆయన దగ్గర చదువుకుని ఉద్యోగాలలో కుదురుకున్న వాళ్ళం ఇంకా నలుగురం ఉన్నాం. అందరం గోడలమయ్యాం.

ఆ తరవాత ఏ బడీ ఆయనను తీసుకోలేదు. ఇంటి దగ్గర చదువు చెప్పుకుని బతికారు. ఎవరినీ నిందించలేదు. నేను వెళితే మజ్జిగ ఇచ్చి, "ఏమోయ్, ఇవాళైనా ఏదైనా నిజం చెప్పావా?" అని నవ్వేవారు. ఆ ప్రశ్న అడిగే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరు.

సంతాపసభ మర్నాడు గంజాం వెళ్ళాను. నూకాలు తల నెరిసిపోయింది. కబురు ముందే తెలుసు. ఆమె కళ్ళు తుడుచుకుని, "పెద్దోలంతా మీటింగెట్టినారట. ఏటి రాసినారు బాబూ?" అంది. తీర్మానం తెలుగులో చెప్పాను. అలసి నలిగిపోయారన్న మాట దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అలిసిపోనాడని రాసినారు గదా. దేనితోటి? ఎవులి వల్ల? అది రాయలేదేటి?"

లేదన్నాను.

"మేష్టరు బాబైతే ఆ కాయితం ఇసిరికొట్టేసీవోడు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్పు. ఎవులి వల్ల?"

సంతాపసభలో కూడా గోడవారగానే కూర్చుని వచ్చినవాణ్ణి.

"మా వల్ల" అన్నాను.

"అయితే ఆ మాట రాయి బాబూ. రాసి, అడుగున నీ పేరెట్టు."

రాశాను. ఈ వ్యాసం అడుగున నా పేరు ఉంది.