గుమ్మడికాయలో తాళంచెవి

ఆసుపత్రిలో అందరూ ఆవిడను 'అనుమానం మేడమ్' అనేవారు. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఎక్కడ, ఎంత పడాలో లెక్క చూసే ఉద్యోగం ఆవిడది. ఇంటికి తాళం వేశాక వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చి లాగి చూసే రకం. "ఆ తాళం ఏదో ఒకరోజు నీ చేతిలోనే ప్రాణం విడుస్తుంది," అనేవాడు భర్త.

ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చింది. దాని లెక్కను విడిగా సరిచూడాలంటే ఉన్నది ఒక్కటే, అందరూ ఉచితంగా వాడుకునే పాత సాఫ్ట్‌వేర్. దానికేమో ఈ కొత్తరకం ఫైళ్లు కొరుకుడు పడలేదు. ఆవిడ సెలవులన్నీ ధారపోసి, వాటిని చదివే భాగం రాసి, ఎవరైనా వాడుకోండని నెట్‌లో పెట్టింది. నిన్న సాయంత్రం వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మా రోగి బోర్లా పడుకునే మనిషి మేడమ్. రేడియేషన్ తప్పు వైపు పడుతోందని మీ సాఫ్ట్‌వేర్ పట్టేసింది! ప్లాన్ మార్చేశాం. రేపు మొదలుపెడతాం." ఆ మాట భర్తకు చెప్పిందే చెప్పింది. చివరికి ఆవిడ మొదలుపెడితే మిగతాది అతనే పూర్తి చేసేవాడు.

ఈ ఉదయం ఇక్కడికీ అలాంటి పెద్దాయనే వచ్చాడు. వీపు మీద పుండు, వెల్లకిలా పడుకోలేడు. కణితి కుడి ఊపిరితిత్తిలో ఉంటే, ఆవిడ సాఫ్ట్‌వేర్ తెర మీద రేడియేషన్ ఎడమవైపు పడుతోంది.

"తప్పు యంత్రానిదా, మీదా?" అన్నాడు డాక్టరు.

"తేలేదాకా ఆయన్ని ముట్టుకోవద్దు సార్."

క్యాంటీన్ నుంచి గుమ్మడికాయ తెప్పించింది. ఒక పక్క తన ఇంటి తాళంచెవి గుచ్చి, రెండు వైపులా రేడియేషన్ తగిలితే నల్లబడే ఫిల్మ్ అంటించి, యంత్రానికి 'బోర్లా' అని చెప్పి, తాళంచెవి మీదికే రేడియేషన్ వేయించింది. తాళంచెవి ఉన్న వైపు ఫిల్మే నల్లబడింది. ఆవిడ సాఫ్ట్‌వేర్ మాత్రం రెండో వైపు చూపించింది.

"గుమ్మడికాయల దొంగ దొరికాడా?"

"దొరికాడు సార్," అని భుజం తడుముకుంది. "నేనే. వెల్లకిలా పడుకున్నవాళ్ల ఫైళ్లతోనే దీన్ని పరీక్షించాను."

డాక్టరు నవ్వాడు. ఆవిడా నవ్వబోయింది. అంతలో నిన్నటి ఫోన్ గుర్తొచ్చింది. వాళ్ల ప్లాన్ మొదట సరిగ్గానే ఉంది. ఈవిడ మాట నమ్మి చెడగొట్టుకున్నారు. తాళాన్ని కూడా నమ్మని మనిషికి పొగడ్తను అనుమానించాలని తోచలేదు.

వెంటనే ఆయనకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. ఎట్టకేలకు ఎత్తాడు.

"తర్వాత మాట్లాడతా మేడమ్, గది తలుపు వేసేశాం, ఇప్పుడే..."

"ఆపండి! రోగిని దించండి! మీ పాత ప్లానే కరెక్టు. తప్పు నాది!"

అవతల ఎవరి మీదో కేకలు, పరుగులు.

"దించాం," అన్నాడాయన. "ఇంకా వేయలేదు. మేడమ్... మాలాగా ఇంకెంతమంది వాడుతున్నారు?"

ఆవిడకు తెలియదు. ఎవరైనా తీసుకోండని పెట్టింది, ఎవరు తీసుకున్నారో ఏం తెలుస్తుంది? ఆ భాగాన్ని నెట్‌లోంచి తీసేసి, ఆ చోట 'వాడకండి' అని పెద్ద అక్షరాలతో రాసింది. తర్వాత తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఒక్కొక్కటిగా ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఎత్తినవాళ్లకు తానెవరో కూడా చెప్పకుండా అడుగుతోంది: "మీ దగ్గర ఎవరైనా బోర్లా పడుకున్నారా?"