గంగమ్మకు నీళ్ళు పడవు

ఫిషింగ్ హార్బర్ వెనక సందులో కొలువున్న గంగమ్మకు నీళ్ళు పడవు. సముద్రాన్నేలే తల్లే కానీ, విగ్రహం వేపకొయ్యది మరి. పడవలు కట్టే సింహాద్రి తండ్రి తన చేత్తో చెక్కాడు. ఆయన పోయాక ఇరవయ్యేళ్ళుగా సింహాద్రే ఆవిడకు కాపలా.

కాపలా అంటే అలాంటిలాంటి కాపలా కాదు. పొద్దున్నే విగ్రహం కింద పరిచిన నల్లగుడ్డ చూస్తాడు, పురుగు తొలిచిన పొడి రాలిందేమోనని. పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తాడు. మడతల్లో దుమ్ము కుంచెతో దులుపుతాడు. నెలకోసారి వేపనూనె పలచగా రాస్తాడు. ఎండ తగలకుండా తెర కట్టాడు, సెగ తగలకుండా దీపాన్ని దూరం జరిపాడు. మరొకరిని చెయ్యి వెయ్యనిస్తే ఒట్టు. శుక్రవారం పసుపునీళ్ళ బిందెలతో ఆడవాళ్ళొస్తే, విగ్రహం ముందు అద్దం నిలబెట్టి కసురుతాడు.

"అద్దంలో ఉన్నదీ అమ్మే. దాని మీదే పొయ్యండి!"

ఒక్క చెంబుడు పోస్తానని భార్య ధనలక్ష్మి ఎన్నిసార్లు బతిమాలినా ససేమిరా అన్నాడు.

అంతటి మనిషీ మొన్నటి వానల్లో నోరు జారాడు. కొడుకు ఉదయ్‌కుమార్ వేటకెళ్ళిన బోటు రెండు రోజులు వైర్‌లెస్‌కి అందలేదు. సింహాద్రి కాలుగాలిన పిల్లిలా జెట్టీకీ గుడికీ మధ్య తిరిగాడు. మూడో రోజు సందంతా వింటుండగా అమ్మ కాళ్ళ దగ్గర పడ్డాడు.

"నా గుంటడిని ఒడ్డుకు సేర్సు తల్లీ! నూటెనిమిది బిందెలు నీ నెత్తిన పోత్తాను!"

సాయంత్రానికి బోటొచ్చింది. ఇంజిన్ చెడిందట. కొడుకుని వాటేసుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు ఆరకముందే మొక్కు గుర్తొచ్చింది.

ఇక ఒకచోట కాలు నిలిస్తేనా! కంచం ముందు కూర్చుని మధ్యలోనే లేచిపోయేవాడు. అన్ని బిందెలు పోస్తే కొయ్య ఉబ్బుతుంది, ఆరాక నిలువునా పగులుతుంది. తండ్రి చేతిపని తన చేతుల్లోనే పోతుంది. పొయ్యకపోతే? శనివారం కొడుకు మళ్ళీ వేటకెళ్ళాలి. ఇచ్చిన బిడ్డని అమ్మ తిరిగి అడిగితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుక్రవారం పొద్దున్న ధనలక్ష్మే బిందెలు నింపి, అద్దం తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

"పొయ్."

"అద్దం మీద పోత్తే మొక్కు తీరుద్దేటే?"

"ఇన్నాళ్ళూ మాకదేగా సెప్పావు. మాకు తీరింది నీకు తీరదేటి?"

సింహాద్రి పంచె ఎగ్గట్టాడు. కొడుకు బిందెలు అందిస్తుంటే పోశాడు. ప్రతి బిందెకూ చేతులు అమ్మ నెత్తివైపే లేచాయి. ప్రతిసారీ బలవంతాన అద్దం మీదికి వంచాడు. నూటెనిమిదీ అయిపోయాయి. అమ్మ మీద చుక్క పడలేదు, కొయ్య చెక్కుచెదరలేదు. అతనికి మాత్రం ఏమీ ఇచ్చినట్టే లేదు. గుండెలో వెలితి అలాగే ఉంది.

"నీకూ ఇలాగే ఉండేదేటే?" అనడిగాడు.

"ఇరవయ్యేళ్ళనుంచి," అంది ధనలక్ష్మి, ఖాళీ బిందెలు సర్దుతూ.

సింహాద్రి చాలాసేపు ఆవిడ వైపు చూడలేకపోయాడు. తర్వాత గూట్లోంచి పొడిగుడ్డ తీసి ఆవిడ ముందుకు చాపాడు.

"ఇయ్యాల్టినుంచి అమ్మని నువ్వు తుడు. నాను అద్దం తుడుసుకుంటాను."

ధనలక్ష్మి తడిచేతుల్ని కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. గుడ్డ అందుకుంది కానీ వెంటనే తుడవలేదు. ముందు అమ్మ చెంప మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది.