సేటు గోదాముకు పనికిరాని బురఖా

పెద్దమనిషి ఊరికే నీతి చెప్పడని నా నమ్మకం. అందుకే గఫార్ సేటు నోట నీతి విన్నప్పుడు నాకు ముందు అనుమానమే వచ్చింది.

కేసముద్రంలో మా వాడ మసీదు ముందు నా ఇస్త్రీ బండి ఉంటుంది. ఎదురు మడిగెలో యాకూబీ బొంతలు, పరుపులు కుడుతుంది. ఆ అద్దె కొట్టు మసీదుది, మసీదు కమిటీకి పెద్ద గఫార్ సేటు. యాకూబీ దూదేకుల మనిషి. వాళ్లింట్లో మాట తెలుగే, కట్టు చీరే. తల మీద కొంగు తప్ప ఆమె తల్లి గానీ అత్త గానీ బురఖా ఎరగరు. మొగుడు పోయాక ఆ మడిగె మీదే మనవరాలిని చదివిస్తోంది.

ఈసారి పత్తి బండ్లు మొదలైన కొత్తలో, శుక్రవారం నమాజు అయ్యాక సేటు వచ్చి మడిగె ముందు నిలబడ్డాడు.

"యాకూబీ, మసీదు ముంగట గిట్ల కూసుంటే మంచిగుండదు. వచ్చే శుక్రారం నుంచి బురఖా ఏసుకో. లేకుంటే మడిగె ఖాళీ చెయ్యి."

ఇన్నేళ్లు కనబడని కొంగు ఇప్పుడే ఎందుకు కనబడింది? పక్క మడిగెలో గాజులమ్మే ముస్లిం పిల్లదీ చీరకొంగే, ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. సేటు సొంత కోడలు హన్మకొండలో జుట్టు విరబోసుకుని స్కూటీ మీద తిరుగుతుంది, అదీ తప్పు కాదు. ఆరా తీశాను. సేటు అల్లుడు సెల్‌ఫోన్ల దుకాణానికి జాగా వెతుకుతున్నాడట. ఇక చెప్పేదేముంది!

"నువ్వు అన్నిట్ల పురుగే చూస్తవు మణెమ్మక్కా," అంది యాకూబీ. అన్నదే గానీ, ఆ సాయంత్రమే చాంద్‌బీ దగ్గర ఒక పాత బురఖా అడిగి తెచ్చుకుంది.

చాంద్‌బీ ఎవరూ చెప్పకుండానే చిన్నప్పటి నుంచి ఇష్టంగా బురఖా వేసుకునే మనిషి. సేటు పత్తి గోదాములోనే కూలి. ఆ గోదాము సంగతి ఊరందరికీ తెలిసిందే. ముస్లిం ఆడకూలీలు గేటు దగ్గర బురఖాలు విప్పి, గోడకున్న మేకులకు తగిలించి లోపలికి పోవాలి. వాటి లోపల పత్తి దాచుకుపోతారని సేటు భయం. మసీదు ముందు వేసుకోమనే నోరే గోదాము ముందు విప్పమంటుంది.

బొంతల్లో నింపేందుకు, నేల రాలిన పత్తి కొనడానికి యాకూబీ ఆ గోదాముకే బయల్దేరింది, బురఖాతో. నేనూ వెంట పోయాను. గేటు దగ్గర కాపలా ఉండే జాల్యా అడ్డం వచ్చాడు.

"అక్కా, గది ఇప్పి మేకుకు పెట్టు."

"ఏసుకోమన్నది మీ సేటే. ఇప్పుమని గాయననే చెప్పమను."

ట్రాక్టర్ల మీది రైతులు, పత్తి ఎత్తుతున్న కూలీలు అందరూ తిరిగి చూశారు. సేటు బయటికి వచ్చాడు.

"ఏంది లొల్లి?"

"లొల్లేం లేదు సేటు. ఏసుకోవాల్నా, ఇప్పాల్నా? ఒక్క మాట చెప్పు. గదే మాట శుక్రారం మసీదుల గూడ చెప్పు."

సేటు రైతుల వైపు ఒకసారి చూశాడు. "లోపలికి పో," అన్నాడు పళ్లు బిగబట్టి. నాకు పట్టరానంత సంతోషమైంది. ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

శుక్రవారం వచ్చింది, పోయింది. సేటు మడిగె మాటే ఎత్తలేదు. యాకూబీ మళ్లీ చీరకొంగుతోనే కుట్టుకు కూర్చుంది. అంత తేలిగ్గా వదిలే మనిషి కాదే అని నాకు లోపల గుబులుగానే ఉంది.

వదల్లేదు. సోమవారం పొద్దున్నే చాంద్‌బీ వచ్చి మడిగె మెట్టు మీద కూలబడింది. బురఖాతో గేటు దాకా వచ్చినా సరే, ఇక పని లేదన్నాడట సేటు. గేటు దగ్గర విప్పే లొల్లి మళ్లీ లేవకుండా ఇంటి దగ్గరే విడిచి రమ్మన్నాడట.

"ఇన్నొద్దులు గేటు దాంక అన్న నా ఇష్టం నాకుండె. నీ మడిగె నిలవడ్డది అక్కా, నేనెటు పోవాలె?"

యాకూబీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకు జరిగి చోటు చూపించింది. "రా, నీ బురఖాతోనే లోపల కూసో. కుట్టుడు నేర్పిస్త. ఉన్నదే ఇద్దరం తిందాం."

చాంద్‌బీ మసీదు వైపు ఒకసారి చూసింది. "నీ పక్కకు కూసున్ననని సేటుకు తెలిస్తే ఉన్న కూలి గూడ పోతది," అని లేచి ఇంటికి పోయింది. కాసేపటికి చీరకొంగు నుదుటి దాకా లాక్కుని, గోడల పక్క నుంచి గోదాము వైపు నడిచింది. ఆమెను బురఖా లేకుండా బజారులో చూడటం నాకు అదే మొదలు.