ఫ్యాన్ బంద్ జేసే సారు

కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందంటే నాకు ఆ సారే యాదికొస్తడు. సిరిసిల్లల కౌన్సెలింగ్ జేసేటోడు. మొదటిరోజు ఆయన మీద నాకు మస్తు కోపమొచ్చింది. ఎండకాలం, రుద్రంగి నుంచి బస్సుల నిలవడి పోయిన. కుర్చీల కూసోంగనే ఆయన లేచి ఫ్యాన్ బంద్ జేసిండు. బయట బట్ట నేసే సాంచెల మోత ఇనరాకుండ కిటికి గూడ మూసిండు.

"చెప్పు బిడ్డా."

"ఏం లేదు సార్, నిద్ర పడ్తలేదు."

నా పెదవుల దిక్కే చూసుకుంట, "మల్లొక్కసారి చెప్పు" అన్నడు.

మూడోసారి అడిగేసరికి, బతకబుద్ధి అయితలేదన్న మాట నోట్లెకెల్లి దానంతటదే వచ్చింది. ఆయన బెదరలే, బుద్ధులు చెప్పలే. చెమట తుడుసుకుంట మొత్తం ఇన్నడు.

ఆర్నెల్లు పోయిన. ఆఖరిరోజు, ఫ్యాన్ ఎందుకు బంద్ జేస్తరని అడిగిన.

ఒకప్పుడు ఆయన, ఆయన తమ్ముడు పక్కపక్క సాంచెలు నడిపేటోళ్లట. ఆ మోతల మాట ఇనవడదు. పెదవులు చూసి అర్థం జేసుకుంటరు, లేకుంటే ఊకెనే తలూపుతరు. ఒకరోజు తమ్ముడు దగ్గరికొచ్చి ఏందో చెప్పిండు. తెగిన పోగు అతుకుతున్న ఈయన, మొఖం చూడకుండనే సరే అన్నట్టు తలూపిండు. తెల్లారి తమ్ముడు పానం తీసుకుండు.

"ఏం చెప్పిండు సార్?"

"గదే తెల్వది బిడ్డా. గీ కుర్చీల ఎవలు కూసున్నా నాకు ఆడే కనవడ్తడు. సాంచె బంద్ జేద్దామని లేస్త."